నల్లంచు గిటార్ల మరియదాసు

మా నాన్న శిష్యుల్లో నాకు అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించినవాడు మరియదాసు. అందరికన్నా ఎక్కువ ఇష్టమైనవాడు కూడా అతనే. ఈ రెండూ ఒకే మనిషి మీద ఎలా కుదురుతాయని ఎవరైనా అడిగితే, ఉయ్యూరు వెళ్ళి అతని కొట్లో ఒక పూట కూర్చుని రమ్మంటాను.

ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీ వైపు చెరుకు ట్రాక్టర్లు పోయే రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద ఉంటుంది ఆ కొట్టు. దానికి బోర్డు లేదు. గోడకి అయిదారు గిటార్లు వేలాడుతుంటాయి, అంతే. గుడివాడ నుంచీ హనుమాన్ జంక్షన్ నుంచీ చర్చిల్లో పాడే కుర్రకారు బైకుల మీద వచ్చి, "అంకుల్, బ్లాక్ బోర్డర్ గిటార్ కావాలి" అని అడుగుతారు. గిటారు ఒంటికి పైచెక్కా పక్కచెక్కా కలిసే అంచు చుట్టూ చిటికెనవేలంత వెడల్పున ఒక నల్లగీత ఉంటుంది. అదీ బ్లాక్ బోర్డరంటే. కృష్ణాజిల్లాలో ఎక్కడ ఆ గీత కనపడినా అది మరియదాసు చేసిన గిటారేనని చెప్పేయొచ్చు. అతని చేతికున్న ప్రత్యేకత అదేనని అందరితోపాటు నేనూ అనుకునేదాన్ని. తెలుగు పంతులమ్మగా ముప్ఫై రెండేళ్ళు పనిచేసి, పిల్లలు కాపీ కొట్టిన పరీక్ష పేపర్లు వాసన చూసి పట్టేసిన నేను, ఆ నల్లగీత మచ్చ మీద వేసిన మసి అని కనిపెట్టలేకపోయాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన పేరు జానకిరామయ్య. నూజివీడులో వీణలు చేసేవారు. పనస దుంగ తెచ్చి, ఏళ్ళ తరబడి ఆరబెట్టి, తొలిచి, కుండ చేసి, దండి అతికి, ఆఖరున బొటనవేలితో అంచులన్నీ తడిమి చూసేవారు. ఆ వేలికి ఎక్కడ గరుకు తగిలినా వీణ వెనక్కి పోవాల్సిందే. పెద్ద పెద్ద విద్వాంసులు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తున్నా సరే, ఆ వేలు ఒప్పుకోకపోతే వీణ గడప దాటేది కాదు.

మరియదాసు ఆయన దగ్గరికి పదిహేనేళ్ళప్పుడు వచ్చాడు. వాళ్ళ నాన్న చర్చికి బల్లలు చేసే వడ్రంగి. కొడుక్కి ఇంకా సన్నపని నేర్పమని తీసుకొచ్చి వదిలాడు. మొదటి వారంలోనే ఒక ముచ్చట జరిగింది. దాసు వీణ కుండ ఒళ్ళో పెట్టుకుని అంచు చెక్కుతూ, చేతికి వాటంగా ఉంటుందని దాన్ని ఎడమకి తిప్పాడు. నాన్న చిత్రిక పడుతున్నవారల్లా లేచి వచ్చి ముంజేతి మీద ఒక్కటిచ్చారు.

"ఒరేయ్ దాసూ, ఎడమకి తిప్పేది తద్దినాలప్పుడు. వాయిద్యానికి తద్దినం పెడతావట్రా? పనిలో ఉన్న వాయిద్యాన్ని కుడికే తిప్పాలి. మా నాన్న చెప్పాడు నాకు, నేను చెబుతున్నా నీకు."

దాసు సరేనండి అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, ఆ మాటని ఒంట్లో ఇంకించుకున్నాడు. ఆ రోజు నుంచీ అతను ఏ చెక్కనీ ఎడమకి తిప్పలేదు. అంతటితో ఆగినా బాగుండేది. టీలో చక్కెర కలిపినా కుడికే. పిండి రుబ్బమంటే కుడికే. అతని భార్య తెరేసమ్మ, "యూ టర్న్ ఎలాగూ కుడికే కాబట్టి మేం బండి మీద ఇంటికి రాగలుగుతున్నాం అక్కా" అంటుంది. ఆ ఇంట్లో మేరీమాత పటం ముందు రోజూ మోకరించే మనిషి, సవ్యం అపసవ్యం విషయంలో మా వంశంలో ఉన్న పురోహితుల కన్నా గట్టిగా ఉండేవాడు. మతం దారి మతానిది, గురువు మాట దారి గురువు మాటది.

తరవాత నీటికాసులొచ్చి నాన్నకి చూపు తగ్గడం మొదలైంది. నూజివీడు కొట్టు మూసేసి ఆయన్ని విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. కొట్టు ఖాళీ చేసే రోజున, ఇరవయ్యేళ్ళు ఆరిన ఒక పనస పలక మిగిలితే నాన్న దాన్ని దాసుకిచ్చారు. దాసు ఉయ్యూరు వచ్చి తలుపులూ కిటికీలూ చేసుకుంటూ ఉండగా, వాళ్ళ చర్చిలో ఫిలిప్ అనే ఆయన గిటారు కిందపడి పగిలింది. అతికించమని తెచ్చిచ్చాడు. దాసు దాన్ని విప్పి లోపల చూసి, "ఇంతేనా!" అన్నాడట. రెండు నెలల్లో సొంతంగా ఒకటి చేశాడు. అది బాగా పలికింది. అలా పదకొండేళ్ళ కిందట తలుపుల మరియదాసు గిటార్ల మరియదాసు అయ్యాడు.

ఈ పదకొండేళ్ళలో ఒక్క గిటారు కూడా నాన్నకి తెచ్చి చూపించలేదు. పండక్కీ పబ్బానికీ వస్తాడు, పళ్ళు తెస్తాడు, నాన్న కాళ్ళ దగ్గర చాపేసుకుని కూర్చుంటాడు. గిటారు మాటెత్తితే మాత్రం, "ఈసారి మంచిది కుదిరితే తెస్తానండి" అంటాడు. నాన్న మొదట్లో పట్టించుకోలేదు. గిటారంటే ఆయనకి డబ్బా. "వాడేదో డబ్బాలు చేసుకుంటున్నాడు, చేసుకోనీ" అనేవారు.

కిందటి డిసెంబరులో మా పక్కవీధి చర్చిలో క్రిస్మస్ పాటలు సాధన చేస్తున్నారు. నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇప్పుడు వెలుగు చీకటి తేడా తప్ప ఇంకేం కనపడదు ఆయనకి.

"సరస్వతీ, ఆ గిటారు ఎవరు చేశారే? పైచెక్క భలే పల్చగా దించాడు" అన్నారు.

నేను బాల్కనీలోంచి తొంగిచూశాను. నల్లంచు కనపడింది. "ఎవరో ఎందుకవుతారు, మీ దాసే" అన్నాను.

ఆయన కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపించుకుని ఆ పాట అయ్యేదాకా విన్నారు. తరవాత, "వాణ్ణి ఒకటి తెమ్మను. నా చేతికింద పెరిగినవాడు ఏం చేస్తున్నాడో నా చేత్తో చూడకుండానే పోతానా ఏంటి?" అన్నారు. గొంతులో బెట్టు లేదు, అడుగుతున్నారంతే. మర్నాడే మచిలీపట్నం బస్సెక్కి ఉయ్యూరులో దిగాను.

నేను వెళ్ళేసరికి దాసు అంచు కోస్తున్నాడు. ఆ పని నేనెప్పుడూ చూడలేదు. గిటారు ఒళ్ళంతా అతికాక, అంచు చుట్టూ సన్నటి మెట్టులాగా చెక్క తీసేసి, ఆ మెట్టులో రోజ్‌వుడ్ పట్టీ ఒకటి వంచి అతికిస్తారు. పట్టీ ఉంటే అంచుకి దెబ్బ తగలదు, లోపలికి చెమ్మ పోదు. మెట్టు తీయడానికి చిన్న కరెంటు మిషను ఉంటుంది, ట్రిమ్మరంటారు. దాసు దాన్ని ఒక స్టాండుకి బిగించి, గిటారు ఒంటిని బల్ల మీద పెట్టి రెండు చేతులతో దాన్ని బ్లేడుకి ఆనించి తిప్పుతున్నాడు. కుడికే. వేరే చెప్పాలా!

కొంతదూరం బ్లేడు వెన్నలో పోయినట్టు పోయింది. నడుము దగ్గరికి వచ్చింది. నడుము దాటి మళ్ళీ పొట్టవైపు ఎక్కబోయేసరికి "టప్"మని చప్పుడైంది. వేలెడు పొడుగు పెచ్చు ఎగిరి నా చీర మీద పడింది. దాసు మిషను ఆపి, ఆ పెచ్చు వంక చూసి, రోజూ వచ్చే చుట్టాన్ని చూసినట్టు తలూపాడు.

నేను వచ్చిన పని చెప్పాను. అతని మొహం పాలిపోయింది.

"అయిపోయానండి అక్కగారూ. ఆయన వేలు అంచు మీద పెడితే నా బతుకు బయటపడిపోద్దండి."

"ఏం బతుకయ్యా నీది, దొంగనోట్లు అచ్చేస్తున్నావా?"

అప్పుడు చూపించాడు. ఒక్కో గిటారుకి నాలుగు చోట్ల అలా పెచ్చులూడతాయి. ఎప్పుడూ అవే నాలుగు చోట్లు. ఊడిన గుంటలో చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కు పెడతాడు. కొండపల్లి బొమ్మలవాళ్ళు అతుకులకి పెట్టేది అదే. ఆరాక సాపు చేసి, కనపడకుండా చుట్టూ నల్లరంగు కొడతాడు. కంటికి తెలియదు. నాన్న వేలికి తెలియకుండా పోదు.

"కత్తితో ముందే గీత కోసి చూశానండి, పెచ్చు గీత దాటి పోకుండా ఉంటదని. లక్క స్పిరిట్‌లో కలిపి అంచుకి పూశానండి, నార గట్టిపడుద్దని. కొంచెం కొంచెంగా కోస్తున్నానండి. పెచ్చు చిన్నదయ్యింది గానీ పోలేదండి" అన్నాడు.

"మరి ఎందుకు ఊడుతోంది?"

"వాటం అండి." గిటారు ఒంటి మీద చెయ్యి వేసి చూపించాడు. "నార నిలువుగా ఉంటదా. పొట్ట నుంచి నడుముకి దిగేటప్పుడు బ్లేడు నార మీదుగా జారుద్దండి. నడుము నుంచి పొట్టకి ఎక్కేటప్పుడు నార కొసలకి ఎదురుపోయి గుద్దుకుంటది. పిల్లి వీపు తోక నుంచి తలకాయకి నిమిరితే వెంట్రుక లెగుద్ది చూశారా, అట్టాగండి. ఆ నాలుగు చోట్ల ఎడమకి తిప్పితే..."

అని ఆగిపోయాడు. తప్పుమాట నోరు జారినట్టు కిందకి చూశాడు.

నేను మెల్లగా అడిగాను. నేను మెల్లగా మాట్లాడితే మా బళ్ళో పిల్లలు బెంచీల కింద దూరేవాళ్ళు. "ఎడమకి తిప్పితే ఊడదని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి గిటారప్పుడేనండి. చిత్రిక పట్టినోడికి వాటం తెలీకుండా ఉంటదా?"

"తెలిసి పదకొండేళ్ళుగా మక్కు పూస్తూ కూర్చున్నావా?"

"గురువుగారి మాటండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమేం అన్నానో ఇప్పుడు రాయను. గంగిరెద్దు కూడా సన్నాయి ఆగితే తల ఊపడం ఆపుతుందని అన్నట్టు గుర్తు. తెరేసమ్మ లోపల్నుంచి వచ్చి నన్ను ఆపలేదు సరికదా, "ఇంకా తిట్టండక్కా, నేను చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మా చర్చి ఫాదర్‌గారి మాటన్నా జవదాటతాడు గానీ మీ నాన్నగారి మాట దాటడు" అంది.

"పోనీ నాన్ననే అడగొచ్చుగా?" అన్నాను.

"ఎట్టా అడగనండి? మీరు చెప్పింది నా పనికి సరిపడదండీ అని ఆయనతో అనడానికి నాకు నోరెట్టా వస్తదండి? ఆయన అన్నం తిన్నాను."

తెరేసమ్మ ఇచ్చిన టీ తాగాను. చిక్కేమిటో నాకప్పటికి పూర్తిగా అర్థమైంది. నాన్న వేలికి నచ్చేలా గిటారు చెయ్యాలంటే నాన్న మాట తప్పాలి. మాట నిలబెడితే వేలి ముందు ఓడిపోవాలి. ఆయనా ఎనభై ఎనిమిదేళ్ళవారు. ఇంకో పదకొండేళ్ళు సాకులు చెప్పే వీలు లేదు.

దాసు లేచి వెళ్ళి, అటక మీద నుంచి పాత దుప్పటి చుట్టిన పలక దించాడు. నూజివీడులో నాన్న ఇచ్చిన పనస చెక్క. పదకొండేళ్ళకు పైగా దాని మీద రంపం పెట్టలేదు. దుప్పటి తీస్తే పసుపుపచ్చగా మెరిసింది.

"దీంతో చేస్తానండి. వీపుకీ పక్కలకీ సరిగ్గా సరిపోద్ది. పైన దేవదారు ఏస్తాను" అన్నాడు.

"చెడితే?"

"చెడితే ఇంకోటి లేదండి."

నెలరోజుల తరవాత ఫోన్ చేశాడు. ఒళ్ళంతా అతికానని, మర్నాడు పొద్దున అంచు కోస్తానని, నన్ను రమ్మని. నేనొచ్చి ఏం చెయ్యాలంటే, "ఒక్కణ్ణే అయితే భయంగా ఉందండి" అన్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి అలా అంటే ఎవరు కాదంటారు? తొమ్మిదింటికల్లా అక్కడ ఉన్నాను.

ముందుగా కొత్త బ్లేడు బిగించాడు. విజయవాడ వన్ టౌన్‌లో నాలుగు షాపులు తిరిగి తెచ్చాడట. పదునైన కత్తితో అంచు పొడుగునా గీత లోతుగా కోశాడు. లక్క రెండుసార్లు పూసి ఆరనిచ్చాడు. తునక చెక్కల మీద మూడు నాలుగుసార్లు కోసి చూసుకున్నాడు. ఆ తరవాత అసలు ఒంటిని బల్ల మీద పెట్టి, వాటంగా ఉన్న చోట్లన్నీ కుడికి తిప్పి కోసేశాడు. అవి నున్నగా వచ్చాయి. వాటం తిరగబడే నాలుగు చోట్లూ మిగిలిపోయాయి.

మిషను ఆపాడు. బయటికి పోయి కుళాయి దగ్గర మొహం కడుక్కొచ్చాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. పొడిగా ఉన్నా మళ్ళీ తుడుచుకున్నాడు.

"అక్కగారూ, గురువుగారి తరఫున మీరొక్కమాట అనండి. తిప్పరా అనండి చాలు."

నెలరోజుల కిందట అదే కొట్లో నిలబడి నోరు పారేసుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఆ ఒక్కమాట అనడానికి నోరు తెరిచాను, రాలేదు. చిన్నప్పటి నుంచీ ఆ మాట విన్నదాన్నే. నాన్న మాటని ఆయన పరోక్షంలో నేను మార్చడమేమిటని అనిపించింది. నేను కూడా దాసులాంటిదాన్నేనని అప్పుడు తెలిసి సిగ్గేసింది.

"నేనన్లేనయ్యా. నీ చెక్క, నీ చెయ్యి" అన్నాను.

దాసు ఒకసారి సిలువ గుర్తు వేసుకుని మిషను ఆన్ చేశాడు. గిటారు ఒంటిని పొట్ట దగ్గర బ్లేడుకి తాకించి ఎడమకి తిప్పాడు.

ఎడమకి తిప్పితే ఇంకో ప్రమాదం ఉంది. బ్లేడు చెక్కని తనవైపు లాక్కుంటుంది. పట్టు సడలితే గిటారు ఒళ్ళు చేతిలోంచి ఎగిరిపోతుంది. అందుకని వెంట్రుకవాసి చొప్పున, తాకించి తీస్తూ, తాకించి తీస్తూ కోశాడు. పిండిలాంటి పొట్టు రాలింది తప్ప ఎక్కడా పెచ్చు లేవలేదు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగు చోట్లూ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది.

మిషను ఆగాక దాసు బొటనవేలితో అంచు చుట్టూ తడిమాడు. మొత్తం తిరిగి వచ్చాక బల్ల మీద తల ఆనించి కూర్చుండిపోయాడు. సంతోషంతోనో దుఃఖంతోనో నాకు తెలియలేదు. తెరేసమ్మ అతని వీపు మీద చెయ్యేసి, "లేచి టీ తాగు" అంది. టీ తెచ్చింది. మహానుభావుడు చెంచాని కుడికే తిప్పుకున్నాడు.

నల్లరంగు అక్కర్లేకపోయింది. చీర అంచులాగా సన్నటి రోజ్‌వుడ్ పట్టీ వేసి, మెరుగు పెట్టి, తీగలు కట్టి, ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి అయ్యాక తెరేసమ్మతో కలిసి మా ఇంటికి తెచ్చాడు.

నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేయించుకుని కూర్చున్నారు. దాసు గిటారుని ఆయన ఒళ్ళో పెట్టి, ఎప్పట్లాగే చాప మీద కూర్చున్నాడు. నాన్న ముందు వీపు మీద వేలితో కొట్టి విన్నారు. ఆయన మొహం విప్పారింది.

"పనస. నా పలకేనా?"

"మీదేనండి."

ఆపైన బొటనవేలు అంచు మీద పెట్టారు. మెడ దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా, నడుము మీదుగా, పొట్ట చుట్టూ. నడుము దగ్గర వేలు కాస్త ఆగింది. మళ్ళీ కదిలింది. చుట్టంతా తిరిగొచ్చి, తిప్పి పట్టుకుని వీపువైపు అంచు కూడా తడిమారు. దాసు కళ్ళు ఆ వేలినే అంటుకుని తిరిగాయి.

"తప్పు లేదురా" అన్నారు నాన్న. "ఎక్కడా తప్పు లేదు."

నలభయ్యేళ్ళలో ఆయన ఎవరి పనినైనా అంతగా మెచ్చుకోవడం నేను వినలేదు. ఇక్కడితో ఆగిపోతే బాగుండునని నేను దేవుడికి మొక్కుకుంటున్నాను. నాన్న ఊరుకోలేదు.

"ఈ నడుం దగ్గర నార ఎదురు తిరుగుద్దే. లేవకుండా ఎట్టా కోశావు?"

లక్క పూశానని చెప్పొచ్చు. కత్తితో గీశానని చెప్పొచ్చు. రెండూ నిజాలే. చెప్పి బతికిపొమ్మని కళ్ళతో సైగ చేశాను. దాసు నావైపు చూడలేదు.

"ఎడమకి తిప్పానండి" అన్నాడు. "నాలుగు చోట్ల."

నాన్న చేతులు గిటారు మీద ఆగిపోయాయి.

"మరి ఇంతకుముందు చేసినవి?"

"అన్నీ కుడికేనండి."

"పెచ్చులు లేవలేదూ?"

"లేచినయ్యండి. మక్కు పెట్టి నల్లరంగేశానండి."

"ఎన్ని చేశావు అట్టా?"

"నూటపాతిక ఉంటాయండి."

నాన్నకి కోపమొచ్చింది. ఆయన కోపం చూసి పదేళ్ళయింది. మెడనరాలు లేచాయి. "నా మాట కోసం నూటపాతిక వాయిద్యాలకి ఒళ్ళు చెడగొట్టావట్రా? మా నాన్న నాకు చెప్పింది నీకు చెప్పా. ఆయన చేసింది వీణ, ఉలితో. నార లేస్తుంటే ఉలికి తెలుస్తుంది, చెయ్యి ఆగుద్ది. నువ్వేమో నడుమున్న వాయిద్యం పట్టుకున్నావు, మిషను పెట్టావు. నాకేం తెలుసురా అవి? నువ్వొచ్చి చెబితే కదా తెలిసేది!"

"మీరు బాధపడతారనండి..."

"పడేవాణ్ణి! నిన్ను తిట్టేవాణ్ణి. రెండ్రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తరవాత ఏదీ చూపించరా అనేవాణ్ణి. ఎదురు చెప్పడానికి వీల్లేనిది పోయినవాళ్ళతోనేరా దాసూ. నేనింకా ఉన్నాగా! పదకొండేళ్ళ నుంచీ నన్ను పోయినవాళ్ళలో కలిపేశావా?"

దాసు ఆయన పాదాల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దాసు పెట్టిన మక్కు సంగతి సరే, నాన్నకి చెబితే నొచ్చుకుంటారని ఈ ఇంట్లో నేను దాచి నల్లరంగు పూసినవి ఎన్ని ఉన్నాయో లెక్కకి రాలేదు. తెరేసమ్మ మాత్రం స్థిమితంగా మంచినీళ్ళు తెచ్చి నాన్న చేతికిచ్చింది.

నాన్న నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఉయ్యూరు బస్సు ఎన్నింటికే సరస్వతీ?" అన్నారు.

బస్సులో ఎక్కించలేనని చెప్పి కారు మాట్లాడాను. కానూరు దాటామా, కంకిపాడు వచ్చిందా అని దారంతా అడుగుతూనే ఉన్నారు. ఉయ్యూరు దగ్గర చెరుకు పానకం వాసన తగలగానే, "వచ్చేశాం" అని ఆయనే చెప్పారు.

కొట్లో కొత్త గిటారు ఒళ్ళు ఒకటి అంచు కోయడానికి సిద్ధంగా ఉంది. దాసు మిషను ప్లగ్గు తీసేసి, ఒంటిని బల్ల మీద పెట్టి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాన్న రెండు చేతులూ దాని మీద వేశారు. మెడ దగ్గర నుంచి వేలు మెల్లగా నడిపిస్తూ, చెక్కతో తనలో తాను ఏదో మాట్లాడుకున్నారు. నడుము దగ్గర ఆగారు. జీవితంలో మొదటిసారి, రెండు చేతులతో ఆ ఒంటిని ఎడమకి తిప్పి చూశారు. మళ్ళీ కుడికి. మళ్ళీ ఎడమకి.

"ఇదిగో, ఇక్కడరా. ఇక్కణ్ణుంచి వాటం మారుతోంది. ఇక్కడ గీత పెట్టుకో."

దాసు చెవి మీది పెన్సిలు తీశాడు. ఆయన వేలి పక్కకి తెచ్చి, గీయలేదు. నావైపు చూశాడు, తెరేసమ్మ వైపు చూశాడు.

"కాదండి గురువుగారూ. ఇంకో అంగుళం అవతలండి."

నాన్న తల ఎత్తారు. నలభయ్యేళ్ళలో దాసు నోట ఆయన వినని మాట అది. వేలిని ఒక అంగుళం అవతలికి జరిపారు, వెనక్కి తెచ్చారు, మళ్ళీ జరిపి అక్కడే కాసేపు ఉంచారు.

"అవున్రా" అన్నారు.